పొగకు దారి, నీటికి వాలు

హైదరాబాదులోనో విజయవాడలోనో పదిహేను ఇరవై ఏళ్ల కిందట కట్టిన రెండు పడకగదుల ఫ్లాట్ల ప్లాన్లు చాలావరకు ఒకే పోలికలో ఉంటాయి. తలుపు తీయగానే పొడవాటి హాలు, అందులోనే ఒక పక్క భోజనాల బల్లకు చోటు. వెనక మూలన ఎనిమిదికి పది అడుగుల వంటగది, దాని వెనక అంట్లు తోముకోవడానికి ఇరుకైన వాష్ ఏరియా, దాన్ని ఆనుకుని గొట్టాలు కిందికి దిగే షాఫ్ట్. ఇలాంటి ఫ్లాటును బాగుచేయించుకోవాలనుకున్నవారికి డిజైనరు చూపించే బొమ్మల్లో ఈమధ్య వంటగది ఆ వెనక మూల నుంచి లేచి వచ్చి హాల్లో కూర్చుంటోంది. ఖాళీ అయిన గది పిల్లల చదువుల గదో, మూడో పడకగదో అవుతుంది. బొమ్మలో వంటగది అంటే అల్మారాలు, గ్రానైటు గట్టు, దీపాలు. సామానే అయితే ఎక్కడికైనా జరుపుకోవచ్చు. కానీ వంటగదిలోకి రోజూ నీళ్లు, ఇంధనం, గాలి వస్తాయి. మురుగు, పొగ, ఆవిరి, వేడి బయటికి పోవాలి. రాకతో పెద్ద ఇబ్బంది లేదు. పంపు నీళ్లనూ గ్యాసునూ వెనక నుంచి ఒత్తిడి తోస్తుంది కాబట్టి గొట్టం ఎటు తిప్పినా వస్తాయి. చిక్కంతా పోకతోనే. మురుగు తన బరువుతో తాను కిందికి జారాలి, పొగ తన వేడితో తాను పైకి లేవాలి. అందుకే హాలునూ వంటగదినీ కలపడమనే ఒకే మాట కింద చెలామణీ అవుతున్న రెండు పనులను విడదీసి చూడాలి. మధ్య గోడ తీసేయడం ఒకటి, పొయ్యినీ సింకునూ ఉన్నచోటి నుంచి కదపడం ఇంకొకటి. మొదటిది జాగ్రత్తగా చేస్తే చాలా ఫ్లాట్లలో కుదిరే పని. రెండోది ఇంచుమించు ఎక్కడా చేయకూడని పని అని ఈ అధ్యాయం వాదన.

వంటిల్లు ఎక్కడుండాలో ఎప్పుడూ పొగ, మురుగు కలిసే తేల్చాయి. కోస్తా జిల్లాల మండువా లోగిళ్లలో వంటసాల వెనకవైపు, పెరటికి దగ్గరగా ఉండేది. కట్టెల పొగ పెంకుల సందుల్లోంచి పోయేది. కడిగిన నీళ్లు తూములోంచి పారి అరటి పాదుల్లో ఇంకేవి. మడీ ఆచారమూ దీనికి తోడయ్యాయి గాని, ఆ పట్టింపులు లేని ఇళ్లలోనూ వంట వెనకే జరిగేది. యూరప్‌లో కథ వేరుగా నడిచింది. అక్కడి కార్మికుల ఇళ్లలో చలి కాచుకునే పొయ్యీ వంటపొయ్యీ ఒకటే కాబట్టి వండేదీ, కూర్చునేదీ, చాలాసార్లు పడుకునేదీ ఒకే గదిలో. 1926లో ఆస్ట్రియా ఆర్కిటెక్టు మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు గృహనిర్మాణ పథకం కోసం వంటను ఆ గదిలోంచి విడదీసి 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు ఉన్న చిన్న గదిలో పెట్టింది. ఆ నమూనాలో పదివేల దాకా వంటగదులు కట్టారు. నేటి మాడ్యులర్ కిచెన్ దాని సంతతే. పట్టుమని పదేళ్లు తిరిగేసరికి అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ మళ్లీ గోడ తెరిచాడు. 1937లో పూర్తయిన జేకబ్స్ ఇంట్లో వంటచోటు కూర్చునే గదిలోకి కలిసిపోయి ఉంటుంది. అయితే ఆయన ఆ వంటచోటి కప్పును పక్క భాగాల కన్నా ఎత్తుకు లేపి, పైన కిటికీలు పెట్టాడు. వేడెక్కిన గాలి పక్కకు రాకుండా నిట్టనిలువునా పోవడానికి ఆ ఏర్పాటు. ఇవాళ్టి బొమ్మలు రైట్ తీసేసిన గోడను మాత్రమే చూపిస్తాయి, లేపిన కప్పును చూపించవు. ఫ్లాటులో మన కప్పు ఇంకొకరి నేల. దాన్ని లేపే వీలు ఎటూ లేదు.

ముందు నీటి సంగతి చూద్దాం, అది లెక్కకు తేలిగ్గా దొరుకుతుంది. సింకు నుంచి షాఫ్ట్ దాకా వెళ్లే గొట్టం ప్రతి నలభై అడుగులకు ఒక అడుగు దిగాలన్నది ప్లంబింగులో మామూలుగా పాటించే వాలు. అంతకన్నా బాగా తగ్గితే నీరు పారుతుంది గాని, తనతోపాటు మెతుకులనూ జిడ్డునూ ఈడ్చుకుపోయే వేగం దానికి ఉండదు. పాత వంటగదిలో సింకుకూ షాఫ్ట్‌కూ మధ్య రెండు మూడు అడుగులే కాబట్టి వాలు అంగుళంలో తేలిపోతుంది. సింకును ఇరవై అడుగుల దూరంలోని హాలుకు మారిస్తే దిగాల్సిన లోతు ఆరు అంగుళాలు. సింకు అడుగున గొట్టం నేలకు అడుగున్నర ఎత్తులో మొదలవుతుంది కదా, ఆరు అంగుళాలు ఎంత అనిపించవచ్చు. గొట్టం మొదలు నుంచి చివరి దాకా అల్మారాల వెనక గోడను అంటిపెట్టుకుని పోగలిగితే నిజంగానే చిక్కు లేదు. దారిలో ఒక్క గుమ్మం అడ్డొచ్చినా అది నేల కిందికి దిగాలి. మూడంగుళాల గొట్టం, దానికి ఆరంగుళాల వాలు, పైన కప్పడానికి కొంత మందం. స్లాబుకూ టైలుకూ మధ్య మనకు దొరికేది మామూలుగా రెండు మూడు అంగుళాలు. స్నానాల గదుల కింద స్లాబును లోతుగా దించి పోస్తారు, హాలు కింద అలా పోయరు. ఇక మిగిలేవి రెండే దారులు: హాల్లో కొంత భాగాన్ని మెట్టంత ఎత్తుకు లేపడం, లేదా స్లాబుకు రంధ్రం కొట్టి కింది ఇంటివారి హాలు కప్పు కింద గొట్టం వేలాడదీయడం. రెండోదానికి వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సబబు. తడి గదులను అంతస్తు మీద అంతస్తుగా ఒకే వరుసలో పేర్చేది లీకు అంటూ వస్తే అది ఇంకో వంటగదిలోనో స్నానాల గదిలోనో కారాలనే. సింకు హాల్లోకి వచ్చిందంటే కింది ఇంటి సోఫా మీదికి వచ్చినట్టే.

వాలు కుదిరినా పొడవు పొడవే. తెలుగు ఇంటి సింకులోంచి గంజి, పప్పు కట్టు, వేపుడు నూనె, గిన్నెలు తోమిన సబ్బు, అన్నీ కలిసి దిగుతాయి. నూనె విడిపోయి కొవ్వు ఆమ్లాలుగా మారినచోట నీటిలోని కాల్షియం వాటిని పట్టుకుని గట్టి సబ్బులాంటి పదార్థంగా గొట్టం గోడకు అంటిస్తుంది. 2017లో లండన్ వైట్‌చాపెల్ ప్రాంతంలోని మురుగు కాలువలో 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు తూగిన కొవ్వుగడ్డ బయటపడింది. దాన్ని గట్టిపరిచినది ఈ రసాయనమే. మన ఊళ్లలో అంట్లకు వాడేది చాలాచోట్ల బోరునీళ్లు. వాటిలో కాల్షియానికి కొదవ లేదు. మూడడుగుల గొట్టంలో పేరుకున్నదాన్ని ప్లంబరు తీగతో పొడిచి తీసేస్తాడు. ఇరవై అడుగుల గొట్టంలో, రెండు వంపుల అవతల, టైళ్ల కింద పేరుకున్నదాన్ని తీయాలంటే నేల పగలగొట్టాలి. ఇంకో సంగతి: సింకు కింద వంపులో ఎప్పుడూ నిలిచి ఉండే రెండంగుళాల నీరే షాఫ్ట్‌లోని కంపునూ బొద్దింకలనూ ఆపే తలుపు. పొడవాటి సన్నగొట్టం నిండుగా పారినప్పుడు వెనక ఏర్పడే పీల్పు ఆ నీటిని లాగేసుకుంటుంది. గాలిగొట్టం ఒకటి పైకి వేస్తే అది ఆగుతుందని ఇంజనీర్లు చెబుతారు. నిజమే, కానీ హాలు మధ్యలో ఆ గాలిగొట్టాన్ని ఎటు తీసుకుపోతారు? చిన్న పంపు పెట్టి మురుగును ఎత్తిపోయొచ్చు కదా అనేది ఇంకో సమాధానం. కరెంటు పోయినప్పుడు సింకు వాడకూడదనీ, మెతుకు పడితే మోటారు పట్టేస్తుందనీ ఇంట్లో అందరికీ, పనిమనిషికీ గుర్తుండాలి. భూమి ఉచితంగా చేసిపెడుతున్న పనికి మోటారు పెట్టుకోవడం తెలివైన బేరంగా తోచదు.

నీటి కష్టం డబ్బుతోనో ఓర్పుతోనో గట్టెక్కేదే. పొగ అలా కాదు. మూకుడులో నూనె కాగి, ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయ నల్లబడే ఆ అరనిమిషంలో ఏం జరుగుతుందో చూడండి. నూనె ఆవిరై వెంటనే చల్లబడి, కంటికి ఆనని సన్నటి బిందువులవుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ వాటి మీద ఎక్కి గాలిలో తేలుతుంది. గొంతులోనూ ముక్కులోనూ నిజమైన వేడిని పసిగట్టే గ్రాహకాలనే అది తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో సగం దక్కింది. పోపు ఘాటుకు హాల్లో ఉన్నవాళ్లు కూడా దగ్గేది అందుకే. ఈ బిందువులు, కింద మంటలోంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడు, ఆవిరి అన్నీ వేడిగాలి స్తంభంగా లేచి కప్పును తాకి, అక్కడి నుంచి పలచటి పొరగా పక్కలకు పరుచుకుంటాయి. ఇప్పుడు వంటగది గుమ్మాన్ని చూడండి. తలుపు ఏడడుగులు, కప్పు తొమ్మిదిన్నర నుంచి పది. తలుపు పైనున్న ఆ రెండున్నర మూడడుగుల గోడ పొగ పొరను లోపలే నిలిపి ఉంచుతుంది. ఎనిమిదికి పది గదిలో కప్పు కింద రెండు వందల ఘనపుటడుగుల పొగ, కిటికీ పైనున్న ఎగ్జాస్ట్ ఫ్యాను లాగేదాకా, గుమ్మం దాటకుండా అక్కడ ఆగగలదు. తలుపు బార్లా తెరిచి ఉన్నా గోడ తన పని చేస్తూనే ఉంటుందన్నమాట. పెద్ద భవనాల్లో అగ్నిమాపక ఇంజనీర్లు కప్పు నుంచి పొగ తెరలు వేలాడదీసేది ఈ సూత్రం మీదే. హాలునూ వంటగదినీ కలిపేటప్పుడు మొదట నేలకూలేది సరిగ్గా ఈ భాగం. స్లాబు కింద దూలం ఉంటే అదన్నా కొంత మిగులుతుంది. తరవాత వచ్చే ఫాల్స్ సీలింగు దానినీ కప్పి చదును చేసేస్తుంది.

గోడ తీయాలనేవారి దగ్గర దీనికి గట్టి జవాబే ఉంది. పొగ పెద్ద గదిలోకి పరుచుకుంటే పలచబడుతుంది కదా? ఇరుకు గదిలో ఒక్కరే అంత ఘాటు పీల్చడం కన్నా అది మేలు కదా? వినడానికి న్యాయంగా ఉన్న ఈ వాదన లెక్క దగ్గర నిలవదు. ఒక పోపు పది మిల్లీగ్రాముల సన్నటి ధూళి పుట్టించిందనుకుందాం. ఎనిమిదికి పది వంటగది పరిమాణం సుమారు 23 ఘనపు మీటర్లు, కాబట్టి గాఢత ఘనపు మీటరుకు 430 మైక్రోగ్రాములకు పైనే. హాలు కలిస్తే మొత్తం 97 ఘనపు మీటర్లు, గాఢత 100కు దిగుతుంది. నాలుగో వంతు! కానీ ఇంట్లోంచి గంటకు 100 ఘనపు మీటర్ల గాలి బయటికి పోతోందనుకుంటే, చిన్న గదిలోని పొగ పద్నాలుగు నిమిషాల్లో మూడో వంతు దగ్గరికి పడిపోతుంది. పెద్ద గదిలో అలా పడిపోవడానికి ఇంచుమించు గంట పడుతుంది. గాఢతను కాలంతో హెచ్చించి మొత్తం కడితే రెండు చోట్లా ఒకటే అంకె వస్తుంది. అంటే చివరిదాకా ఆ గాలిలో ఉన్న మనిషి పీల్చే మొత్తం గది పరిమాణం మీద ఆధారపడదు. ఎంత పుట్టింది, గంటకు ఎంత గాలి బయటికి పోతోంది, ఈ రెంటి భాగహారమే అది. ధూళిలో కొంత గోడలకూ కర్టెన్లకూ సోఫా గుడ్డకూ అంటుకుని గాలిలోంచి తగ్గుతుందన్న మాట నిజమే. మర్నాడు సోఫా వాసన చూస్తే ఎంత అంటుకుందో తెలుస్తుంది. చిన్న గదిలో ఆ పద్నాలుగు నిమిషాల తరవాత వండినవారు బయటికి రావచ్చు. కలిసిన గదిలో బయట అనేది లేదు. పసిపిల్లవాడు, ఉబ్బసం ఉన్న పెద్దాయన, టీవీ ముందు కూర్చున్నవాళ్లు, వండినవారు అందరూ ఆ గంటసేపూ పీలుస్తారు. ఘాటు తగ్గడం వల్ల ఎవరూ దగ్గరు, కాబట్టి ఎవరూ కిటికీ తీయరు. ఘాటు కన్నా ఇదే నాకు ఎక్కువ ఆందోళన కలిగించే సంగతి.

ఇదంతా కాగితం మీది లెక్కే అనడానికి వీల్లేదు. 2018లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఒక నమూనా ఇంట్లో, మరీనా వాన్స్, డెల్ఫిన్ ఫార్మర్ ఆధ్వర్యంలో శాస్త్రవేత్తలు మామూలు సంసారం లాగే వండుతూ, తుడుస్తూ గాలిని కొలిచారు. హోమ్‌కెమ్ అని దానికి పేరు. అమెరికన్ల పండగ విందు వండిన రోజున ఇంటి గాలిలో పీఎం 2.5 ధూళి ఘనపు మీటరుకు 200 మైక్రోగ్రాముల స్థాయికి చేరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 24 గంటల సగటున 15. కొద్ది గంటల శిఖరాన్ని రోజు సగటుతో నేరుగా పోల్చకూడదు గాని, శుభ్రమైన ఆధునిక ఇంట్లో కూడా వంట గాలిని ఎంతగా మారుస్తుందో అర్థం కావడానికి ఆ అంకె చాలు. అమెరికా, యూరప్‌లలో దశాబ్దాలుగా ఇలాంటి ఇళ్లలోనే బతుకుతున్నారు కదా అనే ప్రశ్నకు ఒక సమాధానం ఇక్కడే ఉంది: వాళ్లూ ఆ గాలి పీలుస్తూనే ఉన్నారు, కొలవడం ఈమధ్య మొదలైంది. ఇంకో సమాధానం వంటలో ఉంది. వాళ్ల ఓవెను మూసిన పెట్టె. మన వేపుడు తెరిచిన మూకుడు. టెక్సాసులో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలో పోపు పెట్టగానే పొగ అలారం మోగడం మామూలు. అలాంటి కొనుగోలుదారుల కోసమే అక్కడి బిల్డర్లు అందంగా తెరిచిన వంటగది వెనక తలుపున్న రెండో చిన్న వంటగదిని ‘స్పైస్ కిచెన్’ పేరుతో కట్టి అమ్ముతున్నారు. సింగపూర్‌లో చాలా కుటుంబాలు వేపుళ్లకు అద్దాల తలుపుల వెనక ఒక వంటచోటు, టీ కాచుకోవడానికీ పళ్లు కోసుకోవడానికీ బయట ఇంకొకటి పెట్టుకుంటాయి. తెరిచిన వంటగదితో ఎక్కువకాలం కాపురం చేసి, నూనె కాచి వండే జనం చివరికి తేల్చుకున్న పద్ధతి అది.

చిమ్నీ ఉండగా గోడతో పనేమిటి అనేది తరవాతి ఆక్షేపణ, దీన్ని తేలిగ్గా తోసేయకూడదు. మంచి చిమ్నీ, సరైన చోట, నేరుగా బయటికి గొట్టంతో ఉంటే గోడ కన్నా మేలు చేస్తుంది, ఎందుకంటే గోడ పొగను ఆపుతుందే తప్ప పంపదు. పుట్టినచోటే పొగను పట్టడంలో ఎంత లాభముందో బ్రిటన్ భవన నిబంధనలు అంకెల్లో చెబుతాయి: పొయ్యి పక్కనే లాగే ఫ్యానుకు సెకనుకు 30 లీటర్లు చాలంటాయి, గదిలో వేరేచోట ఉంటే 60 కావాలంటాయి. కానీ అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల ఇళ్లలో బిగించిన చిమ్నీలను పరీక్షించినప్పుడు, లేచిన పొగలో అవి పట్టుకున్న వాటా 15 శాతం కన్నా తక్కువ నుంచి 98 శాతం పైదాకా మారుతూ కనబడింది. వెనక బర్నర్ల మీది పొగను బాగానే పట్టాయి, ముందు బర్నర్ల మీదిది చాలా జారిపోయింది. మనం పోపు పెట్టేది ఎక్కువగా ముందు బర్నరు మీదే. పొయ్యిని బయటిగోడ నుంచి హాలు నడిమికి తెస్తే గొట్టం మూడడుగుల నుంచి ఇరవై అడుగులవుతుంది. ప్రతి వంపు దగ్గరా లాగుడు తగ్గుతుంది, నూనె పేరుకుంటుంది, ఆ పేరుకున్న నూనె మంటకు ఇంధనం. ఇది తప్పించుకోవడానికి గొట్టం లేని చిమ్నీని అంటగడతారు. అది బొగ్గు వడపోతలోంచి గాలిని లాగి మళ్లీ గదిలోకే వదులుతుంది. వాసన కొంత పోతుంది, వేడీ ఆవిరీ మంట వాయువులూ ఎక్కడికీ పోవు. పై లెక్కలో బయటికి పోయే గాలి అనే అంకెను అది కాస్త కూడా పెంచదు. మన హాళ్లకు ప్రత్యేకమైన ఇంకో శత్రువు సీలింగు ఫ్యాను. నలభై ఎనిమిది అంగుళాల ఫ్యాను నిమిషానికి సుమారు 200 ఘనపు మీటర్ల గాలిని తోస్తుంది. గంటకు 1,200 ఘనపు మీటర్లు లాగుతుందని పెట్టె మీద రాసిన చిమ్నీ నిమిషానికి లాగేది 20. నిజంగా బిగించాక అంతా రాదు. పదింతల బలంతో పైనుంచి కిందికి కొట్టే గాలి పక్కనే తిరుగుతుంటే, పొగ స్తంభం నిలబడి చిమ్నీలోకి వెళ్తుందని ఆశించడం అత్యాశ. వంట అయ్యేదాకా ఫ్యాను ఆపుదామంటే, మే నెలలో ఆ మాటకు హాల్లో ఎవరు ఒప్పుకుంటారు?

ఫ్యాను బదులు ఏసీ వేస్తే సంగతి ఇంకో వైపు తిరుగుతుంది. గ్యాసు పొయ్యి మీది ఒక బర్నరు పూర్తి మంట మీద సుమారు రెండు కిలోవాట్ల వేడినిస్తుంది. ఒక టన్ను ఏసీ తీసేయగలిగేది మూడున్నర. రెండు బర్నర్లు వెలిగితే ఒక టన్ను అక్కడికే చెల్లు. మంటతోపాటు నీరూ పుడుతుంది: 14.2 కిలోల సిలిండరు కాలి అయిపోయేసరికి సుమారు 22 లీటర్ల నీటిని ఆవిరిగా ఇంట్లోకి వదిలి ఉంటుంది, అన్నం కుతకుతలాడిన ఆవిరి కాక. చిమ్నీ వేస్తే అది చల్లబరచిన గాలినే లాగి పారబోస్తుంది. గంటకు 600 ఘనపు మీటర్లు పోయి ఆ చోటులోకి నలభై డిగ్రీల గాలి వస్తే, దాన్ని ఇరవై ఆరుకు దించడానికే ముప్పావు టన్ను పైన ఖర్చు. ఈ బిల్లు చూసి ఇంట్లోవాళ్లు చిమ్నీ ఆపేస్తారు, తలుపులు బిగించుకుంటారు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్నదాన్నే తిప్పుతుంది. గంటకు బయటికి పోయే గాలి అప్పుడు దాదాపు సున్నా. ఇండక్షన్ పొయ్యి వాడితే మంట వాయువులూ ఆ ఇరవై రెండు లీటర్లూ తప్పుతాయి, అది చిన్న లాభమేమీ కాదు. నూనె పొగ మాత్రం మూకుడులోంచి వస్తుంది. కింద మంటా అయస్కాంతమా అన్న తేడా దానికి లేదు.

ఇప్పటిదాకా గోడ పక్షాన మాట్లాడినట్టు ఉంది గనుక దాని మీది అసలు ఫిర్యాదును ఎదుర్కోవాలి. మూసిన వంటగది అందులో నిలబడే మనిషిని ఒంటరిని చేస్తుంది, ఆ మనిషి మన ఇళ్లలో దాదాపు ఎప్పుడూ ఆడమనిషే. చుట్టాలు వచ్చి హాల్లో నవ్వుతుంటే ఆమె ఉక్కలో పూరీలు వేయిస్తూ ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది మీద కూడా తరవాతి తరం స్త్రీవాదులు ఈ మాటే అన్నారు. ఈ ఆక్షేపణ ముందు నా లెక్కలేవీ నిలబడవు, నిలబడాల్సిన పనీ లేదు, ఎందుకంటే అది కోరేది వేరు. గోడ నాలుగింటిని ఆపుతోంది: చూపు, మాట, గాలి, వేడి. ఆమెకు కావలసినవి మొదటి రెండు. వాటిని తెరవడానికి మిగతా రెండింటినీ తెరవాలని ఎక్కడా లేదు. ఛాతీ ఎత్తు నుంచి ఏడడుగుల దాకా గోడ తీసి, జరిపే అద్దాలు పెట్టి, పైన లింటెల్ భాగాన్ని అలాగే ఉంచితే మనుషులు ఒకరికొకరు కనబడతారు, గిన్నెలు అందుతాయి. మిక్సీ తిరిగేటప్పుడు, పోపు పెట్టే రెండు నిమిషాలు అద్దం మూస్తే సరి. షుట్టె-లిహోట్స్కీ కూడా హాల్లో ఆడుకునే పిల్లలు తల్లికి కనబడేలా మధ్యలో జరుపుడు తలుపే పెట్టింది. ఒంటరితనానికి అసలు మందు ఇంట్లో ఇంకొకరు గరిటె పట్టుకోవడమని ఎవరైనా అంటే కాదనను, అది వాస్తు మార్పుల కన్నా చవక కూడా.

వాస్తు అన్నాను కాబట్టి ఆ మాటా చూద్దాం. ఆగ్నేయంలో వంట అనే నియమానికి గాలి దిశే కారణమని ఈమధ్య చాలామంది సమర్థిస్తారు. నైరుతి రుతుపవనాల నెలల్లో అది కొంతవరకు సరే, ఆ మూల పొగ ఇంటి బయటికే పోతుంది. కోస్తాలో వేసవి మధ్యాహ్నం సముద్రపు గాలి తూర్పు, ఆగ్నేయాల నుంచి వీచినప్పుడు అదే పొగ ఇంట్లోకి వస్తుంది. పక్కపక్కన పదంతస్తుల బ్లాకులున్నచోట ఏ గాలి ఎటు తిరుగుతుందో దిక్సూచి చెప్పలేదు. ఆగ్నేయం కోసం సింకును ఇరవై అడుగులు జరపడానికి ఈ పుస్తకంలో ఆధారం దొరకదు.

మంట, కట్టడం గురించి క్లుప్తంగా. సిలిండరు గ్యాసు గాలి కన్నా ఒకటిన్నర నుంచి రెండింతలు బరువు. లీకైతే నేల మీద పారుతుంది. పాత వంటగదిలో వాష్ ఏరియా గుమ్మం దానికి దారి. హాల్లో ఆ దారి లేదు, పైగా సిలిండరును వెనకే ఉంచి పొయ్యిని ముందుకు తెస్తే, సురక్ష గొట్టం ఒకటిన్నర మీటర్లకు మించకూడదు కాబట్టి రాగి గొట్టం ఇంటి పొడవునా పాకాలి. మన ఫ్లాట్లలో ప్రధాన ద్వారం హాల్లోకే తెరుచుకుంటుంది. పొయ్యి అక్కడికి వస్తే పడకగదుల్లోంచి పారిపోయే దారి మంట పక్కనుంచే పోతుంది. హాంకాంగ్ 2011 అగ్ని భద్రతా నియమావళి ఓపెన్ కిచెన్‌ను అనుమతిస్తూనే, ఇంటి ద్వారం పక్కన అరగంట మంటను తట్టుకునే 600 మిల్లీమీటర్ల నిలువు గోడ ఉండాలనీ, పొగ డిటెక్టర్లు, స్ప్రింక్లరు పెట్టాలనీ షరతులు విధించింది ఇందుకే. ఇక గోడ కొట్టడం సంగతి: కాంక్రీటు స్తంభాలూ దూలాలూ ఉన్న పాత పద్ధతి భవనాల్లో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ సాధారణంగా బరువు మోయదు, ఇంజనీరు చూసి సరేనంటే తీయొచ్చు. ఈమధ్య హైదరాబాదులో లేస్తున్న ఎత్తైన టవర్లలో చాలావాటిని మైవాన్ పద్ధతిలో, అల్యూమినియం అచ్చుల్లో గోడనూ స్లాబునూ కలిపి పోస్తున్నారు. అక్కడ గోడే స్తంభం. దానికి కిటికీ అంత రంధ్రం కొట్టడం కూడా పైన ఉన్న అన్ని ఇళ్లతో చెలగాటం.

కలిపిన గది వల్ల గాలి ఆడుతుంది కదా అనే ఒక్క వాదన మాత్రం నాకు పూర్తిగా నచ్చినది. హాలు బాల్కనీకీ వంటగది కిటికీకీ మధ్య అడ్డు తొలగితే గాలి ఇటు నుంచి అటు పారి, గంటకు బయటికి పోయే గాలి అనేక రెట్లు పెరగవచ్చు. పీల్చే మొత్తం అంతే నిష్పత్తిలో తగ్గుతుంది. ఇది జరగాలంటే పొయ్యి పారే గాలికి చివరన, బయటి కిటికీ దగ్గర ఉండాలి, అంటే ఇప్పుడు ఎక్కడుందో అక్కడే. గాలి వంటగది వైపు నుంచి హాల్లోకి వీచే ఇంట్లో ఇదే మార్పు పొగను సోఫాల మీదికి తోస్తుంది. ఏది ఎవరి ఇల్లో తెలుసుకోవడానికి అగరుబత్తి చాలు. ఆపిన పొయ్యి దగ్గర దాన్ని వెలిగించి పట్టుకుని, ఉదయం వంటవేళా సాయంత్రం వంటవేళా, ఫ్యాను వేసీ ఆపీ, కిటికీ తీసీ మూసీ పొగ ఎటు వంగుతుందో ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చూసుకోవచ్చు. ఇంకా స్లాబు పోయని ఫ్లాటును ప్లాను చూసి కొనేవారికైతే ఇంతకన్నా వెసులుబాటు ఉంది. వంటగదిని ముందుకు తేవాలన్న కోరిక అప్పుడే చెబితే షాఫ్ట్‌ను అక్కడికి మార్చమనీ, దాని పక్కన స్లాబును దించి పోయమనీ, చిమ్నీకి బయటిగోడలో ఆరంగుళాల రంధ్రం వదలమనీ బిల్డరును అడగవచ్చు. పై అంతస్తులూ కింది అంతస్తులూ అదే వరుసలో వస్తేనే అతను ఒప్పుకోగలడు, కాబట్టి అడగాల్సింది ఒక్కరు కాదు, ఆ వరుసలో కొన్నవారంతా.